పరిశోధనశాల నుండి పల్లె వాకిటికి

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



విశ్వవిద్యాలయమనగానే పల్లెవాసుల మనస్సునకు ముందుగా తట్టునది పట్టము. ఫలానివారి కుమారుడు ఎం.ఏ. ప్యాసైనాడు, ఫలానివారి అమ్మాయికి డాక్టరేటు వచ్చినదట అను మాట రచ్చబండకడ వినబడుచుండును. ఆ డాక్టరేటు దేనిమీద వచ్చినదని అడుగువారు అరుదు. అడిగినను, "ఏదో పరిశోధన" అను సమాధానముతో ఆ ప్రసంగము ముగిసిపోవును. ఆ 'ఏదో' అన్న మాట వెనుక నున్నది ఏమి? దానికిని, పొద్దున లేచి పొలమునకు పోవువానికిని పొత్తు కలదా? నేటి ప్రసంగమునకు ఇదియే విషయము.

పరిశోధన యనగా గ్రంథములలో నున్నదానిని చదివి అప్పగించుట కాదు. అందరును తెలిసినదేనని యూరకున్నదానిని మరల ప్రశ్నించుట. వచ్చిన సమాధానమును, తనకు గిట్టనివాడైనను తిరిగి చేసి సరిచూచుకొనుటకు వీలుగా, చేసిన పని యంతయు దాపరికము లేక వ్రాసిపెట్టుట. ఇంతియే దాని లక్షణము. సంగీతము, రసాయనము, ఆహారము, న్యాయము అను నాలుగు శాస్త్రములు చూచుటకు ఒకదానికొకటి సంబంధము లేనివి. కాని వాని పరిశోధనలను కొన్నింటిని విప్పి చూచినచో అడుగున కనబడునవి మృదంగము, ప్రత్తిపూవు, జొన్నరొట్టె, ఆడపిల్ల వాటా. ఇవి యేవియు పల్లెకు పరాయివి కావు.

మొదట మృదంగము. సంగీతము మనస్సునకు సంబంధించినది, దానిని కొలతలకు లోబరచుట యేమని కొందరి యాక్షేపణ. చంద్రశేఖర వెంకటరామన్ అట్లు తలపలేదు. ఆయన జన్మస్థానము తిరుచిరాపల్లి యైనను బాల్యము గడచినది విశాఖపట్టణమున. తండ్రి చంద్రశేఖర అయ్యరు అచ్చటి ఏ.వి.ఎన్. కళాశాలలో గణిత భౌతికశాస్త్రములు బోధించెడివాడు. వయొలిన్ వాయించుట ఆయనకు ప్రీతి. రామన్ పెద్దవాడై కలకత్తాలో ప్రభుత్వపు లెక్కల శాఖలో ఉద్యోగిగా నుండి, ఉదయము సాయంకాలము బౌబజారు వీధిలోని విజ్ఞానసంఘపు ప్రయోగశాలలో పనిచేయుచుండెను. 1917లో ఆ ఉద్యోగమును వదలుకొని కలకత్తా విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. జీతము తగ్గినను ఆయన వెనుదీయలేదు.

చర్మవాద్యముల విషయమున పాశ్చాత్య శాస్త్రజ్ఞులకొక నిశ్చయముండెను. తంత్రిని మీటినప్పుడు మూలస్వరముతోపాటు దానికి సరిగా రెండింతలు, మూడింతలు, నాలుగింతలు వేగముగల స్వరములు కూడ సన్నగా పలుకును. అందుచేతనే తంత్రీనాదము చెవికి ఇంపు. బిగించిన చర్మము అట్లు పలుకదు. దాని పైస్వరములు 1.59 రెట్లు, 2.14 రెట్లు, ఇట్టి పొందిక లేని లెక్కలలో నుండును. కావున అది చప్పుడే గాని నాదము కాదని వారి సిద్ధాంతము. డప్పు విషయమున ఇది చాలవరకు నిజమే. మంటకు కాచి ఎంత బిగువు తెప్పించినను డప్పు గుండె యదరగొట్టును గాని శ్రుతిలో నిలువదు. దాని గొప్పతనము వేరు. మరి మృదంగము పాటకుని శ్రుతితో కలిసి పలుకుచున్నదే, అదెట్లు?

రామన్, శివకాళీకుమార్ అను సహచరునితో కలిసి, 1920లో 'నేచర్' పత్రికలో దీనికి సమాధానము ప్రకటించెను. రహస్యమంతయు కుడిమూత నడుమనున్న నల్లని పూతలో నున్నది. లోహపు పొడి కలిపిన ముద్దను పొరపైన పొరగా, నడుమ మందముగను అంచున పలుచగను, ఒక్కొక్క పొరను రాతితో నూరి ఆరనిచ్చుచు పూయుదురు. ఆ బరువు వలన చర్మపు కంపనముల లెక్కలు మారి, తంత్రి స్వరములవలె సరియైన రెట్లలోనికి వచ్చును. 1934లో ఆయన ఇంకను వివరముగా వ్రాసెను. చర్మముపై సన్నని యిసుక చల్లి వాయించినచో, కదలిక లేని చోట్ల ఇసుక గీతలుగా నిలిచి కంపనముల రూపమును కంటికి చూపును. తొమ్మిది విధములైన కంపనములు అయిదు స్వరములలో ఒదిగియున్నట్లు ఆయన నిరూపించెను. ఎడమప్రక్కన కచేరీకి ముందు రవ్వముద్దను అంటించి, పిమ్మట గీకివేయుటలోని మర్మమును ఈ బరువే. తంబురా జీవాళిపైని దారపుపోగు పనిని, వీణ గుర్రపు వంపును గూర్చియు ఆయన పరిశోధించెను. 1930లో నోబెల్ బహుమానము వచ్చినది కాంతికి సంబంధించిన వేరొక పరిశోధనకు. కాని చెవిని నమ్మి ప్రశ్నించు అలవాటు ఈ వాద్యముల దగ్గర అలవడినదే.

ఇందొక మాట గమనింపదగియున్నది. రామన్ కనుగొన్నది కారణమును, వస్తువును కాదు. ఆ పూత నెంత మందమున వేయవలెనో, ఎచ్చట ఆపవలెనో చెవితో తెలిసికొని చేసిపెట్టినవారు చర్మకారులు. వారి పేర్లు ఏ శాస్త్రపత్రికలోను లేవు. మృదంగము చేయువారి చరిత్రను టి.ఎం. కృష్ణ 2020లో ఒక గ్రంథముగా వెలువరించువరకును వారిని గూర్చి తలచిన విద్వాంసులు కొద్దిమందియే. వాయించువానికి శాలువ, కారణము చెప్పినవానికి కీర్తి, చేసినవానికి కూలి! ఇది న్యాయమని ఎవ్వరును అనలేరు.

రసాయనశాస్త్రమునకు వత్తము. ప్రత్తిచేను గలవారికి తెలియని వింత కాదు: ఉదయమున లేత పసుపుగా విచ్చిన పూవు మరునాటికి ఎఱ్ఱబారును. ఆ పసుపు ఏమి? ఈ ప్రశ్నను పట్టుకొన్నవాడు తిరువేంగడ రాజేంద్ర శేషాద్రి. ఇంగ్లండులో మాంచెస్టరున ప్రసిద్ధ రసాయనజ్ఞుడు రాబిన్‌సన్‌కడ పనిచేసి వచ్చి, 1930 దశాబ్దిలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున రసాయనశాఖను నిలువబెట్టి, 1949 వరకు నడపెను. 1926లో స్థాపితమైన ఆ విద్యాపీఠమునకు అప్పటికి పరికరములు తక్కువ. జయపుర మహారాజు విక్రమదేవవర్మ ఏటేట ఇచ్చిన విరాళముతో విజ్ఞాన కళాశాల వెలసినది. యుద్ధకాలమున విశాఖపై బాంబులు పడగా విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలవలసివచ్చెను. అట్టి యిక్కట్ల నడుమ శేషాద్రియు శిష్యులును ప్రత్తిపూలను, గోగుపూలను, కానుగ గింజలను పరిశోధించిరి.

పని తీరు ఇట్టిది. ఎండిన పూలను సారాయమున కాచి, వడియగట్టి, సారమును చిక్కబరచి స్ఫటికములుగా తీయుదురు. ఆమ్లముతో మరిగించి, దానిని అంటియున్న చక్కెరను విడదీయుదురు. పిమ్మట దాని నిర్మాణము ఇట్లుండునని ఊహించి, అదే పదార్థమును వేరు సరకులతో గాజుపాత్రలో కట్టుదురు. పూవు నుండి తీసినది, తాము కట్టినది ఒకటే యని నమ్ముట యెట్లు? రెండింటిని కలిపి కరగించి చూతురు. ఒకటే వస్తువైనచో విడిగా కరగిన వేడికే కలిసినప్పుడును కరగును. వేరువేరైనచో అంతకు ముందే కరగిపోవును. కల్తీని పట్టు పద్ధతివంటిదే గదా! శేషాద్రి 1960లో లండను రాయల్ సొసైటీ సభ్యుడైనాడు. కానుగనూనె దీపమునకు, చర్మరోగములకు వాడిన పెద్దలకు కరంజిన్ అను పేరు తెలియదు. ఆ నూనెలోని స్ఫటికమునకు ఆ పేరు వచ్చినది కానుగకుగల కరంజమను సంస్కృతనామము నుండియే.

ఇదే శాస్త్రమును చేతబట్టి సముద్రములు దాటినవాడు భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి, రక్తములోని భాస్వరమును నీలివర్ణపు గాఢతను బట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. ఆ పద్ధతి రోగపరీక్షాశాలలలో చిరకాలము నిలిచినది. కండరము పనిచేయుటకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును 1929లో వెల్లడించినదియు వారే. అంతటివానికి హార్వర్డున శాశ్వతోద్యోగము లభింపలేదు. ఆయన సోదరుడు స్ప్రూ అను జీర్ణవ్యాధితో మరణించియుండెను. తరువాతి కాలమున ఒక ఔషధసంస్థలో ఆయన ఆధ్వర్యవమున తయారైన ఫోలిక్ ఆమ్లము ఆ వ్యాధికిని, రక్తహీనతకును మందైనది. నేడు గర్భిణులకు ఆరోగ్యకార్యకర్తలు పంచిపెట్టు ఇనుపబిళ్ళలలో కలిసియుండునది ఇదియే.

ఆహారశాస్త్రమునకు వచ్చునప్పటికి విషయము పువ్వులవలె మృదువైనది కాదు.

దక్కను పీఠభూమిలో జొన్న తిను కూలివారికి ఒక వ్యాధి వచ్చుచుండెడిది. ఎండ తగులు చోట్ల, అనగా ముంజేతులు, పాదములు, మెడ చుట్టును, చర్మము నల్లబడి గరుకెక్కి పొలుసులూడును. నోరు పూసి, విరేచనములు పట్టుకొనును. ముదిరినచో మతి చలించును. పొలములో పని, ఇంట పస్తు, దానిపై ఈ రోగము. పాశ్చాత్యులు దీనిని పెల్లాగ్రా యందురు. ఇటలీ భాషలో గరుకు చర్మమని యర్థము. స్పెయిను దేశమున కసాల్ అను వైద్యుడు 1735లోనే దీనిని వర్ణించెను. ఆ దేశములందు ఇది మొక్కజొన్నయే ముఖ్యాహారముగా గల పేదలకు వచ్చినది.

చాలకాలము దీనిని అంటువ్యాధి యనుకొనిరి. అమెరికా దక్షిణ రాష్ట్రములలో వేలకొలది జనము చనిపోవుచుండగా గోల్డ్‌బెర్గర్ అను వైద్యుడు ఒక విషయము గమనించెను: అనాథశాలలలో పిల్లలకు వచ్చుచున్నది, వారిని చూచు దాదులకు వచ్చుట లేదు. అంటురోగము గొప్పవారిని, పేదవారిని ఏరి పట్టునా? 1915లో మిసిసిపీ కారాగృహమున ఇష్టపడిన ఖైదీలకు మొక్కజొన్న ప్రధానమైన తిండి పెట్టగా, కొన్ని నెలలకు కొందరిలో వ్యాధి కనబడెను. అప్పటికిని నమ్మనివారికొరకు ఆయన రోగుల రక్తమును తన శరీరమునకు ఎక్కించుకొనెను. ఆయన భార్యయు అట్లే చేయించుకొనెను. రోగము రాలేదు. లోపించిన వస్తువేదో 1937లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ఎల్వెజెం తేల్చెను. అది నియాసిన్ అను విటమిను.

ఇక్కడితో కథ ముగియవలసినది, ముగియలేదు. 1918లో కూనూరున మెకారిసన్ ప్రారంభించిన చిన్న పరిశోధనశాల క్రమముగా పెరిగి 1958లో హైదరాబాదునకు, ఉస్మానియా విశ్వవిద్యాలయపు ప్రక్కకు తరలివచ్చెను. అదియే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అచ్చటి పరిశోధకులు గోపాలన్, శ్రీకంఠయ్యలకు ఒక చిక్కు ఎదురయ్యెను. మొక్కజొన్నలో నియాసిన్ శరీరమునకు అందని రీతిలో బంధింపబడియుండును. శరీరము నియాసిన్‌గా మార్చుకొనగల ట్రిప్టొఫేన్ అను మాంసకృత్తు భాగమును అందు తక్కువ. జొన్నలో ఈ రెండు దోషములును ఆ విధముగా లేవు. మరి జొన్న తినువారికి వ్యాధి యేల? ల్యూసిన్ అను వేరొక భాగము జొన్నలో అధికముగా నుండి, శరీరము ట్రిప్టొఫేన్‌ను, నియాసిన్‌ను వాడుకొను క్రమమును చెరచుచున్నదని వారు 1960లో 'లాన్సెట్' పత్రికలో ప్రకటించిరి. పుస్తకములో నున్న కారణమునకే తలయూపి యుండినచో ఈ ప్రశ్న పుట్టెడిదే కాదు. దీనిని పరదేశ శాస్త్రజ్ఞులు కొందరు అంగీకరింపక తిరిగి పరీక్షలు చేసిరి. వాదము చాలయేండ్లు నడచెను. బి6 విటమిను పాలు కూడ దీనిలో కలదని తరువాత తేలెను. శాస్త్రమున తగవు సిగ్గుచేటు కాదు. తగవులేనిచోటనే అనుమానపడవలెను.

ఇంత మాత్రమున జొన్న చెడ్డదని ఎవ్వరును ఇంటికి పోరాదు. జొన్నరొట్టెతో పప్పు, ఆకుకూర, కాసిన్ని పాలో మజ్జిగో చేరిన యింట ఈ వ్యాధి లేదు. రోగము జొన్నది కాదు, జొన్న తప్ప వేరేమియు లేని కంచముది. కంది పండించిన కూలివాడు కందిపప్పు కొనలేకపోవుట ఏ ప్రయోగశాలలోను కనుగొనవలసిన రహస్యము కాదు. 1937లో మందు తెలిసినది. 1960లో హైదరాబాదు ఆసుపత్రులలో రోగులు ఇంకను చేరుచుండిరి. ఆ నడిమి యేండ్లలో లోపించినది విజ్ఞానము కాదు. కాలక్రమమున తిండిలో మార్పు వచ్చెను. 1983లో ఆంధ్రప్రదేశమున కిలో 2 రూపాయల బియ్యము చౌకడిపోలకు వచ్చినది, జొన్న తగ్గి వరియన్నము పెరిగినది, పెల్లాగ్రా అరుదైనది. దానికి మారుగా నేడు ఇతర వ్యాధులు వచ్చిపడుటయు, నగరవాసులు వైద్యుని సలహాపై జొన్నరొట్టె వెదకుకొనుటయు కాలము చేసిన పరిహాసము.

ఇక న్యాయశాస్త్రము. ప్రయోగశాల లేని ఈ శాస్త్రమున పరిశోధన యేమి యని అడుగవచ్చును. గ్రంథములును, కచేరీ తీర్పులును, జనుల ఆచారములును దీని ప్రయోగశాల.

ఆడపిల్లకు ఆస్తిలో వాటా లేదన్నది ఎవరి మాట? శాస్త్రము మాట యని పెద్దలందురు. ఏ శాస్త్రము? తెలుగుదేశమున ప్రమాణమైనది మితాక్షర. కల్యాణి చాళుక్యుల కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి వ్రాసిన వ్యాఖ్య యది. వంగదేశమున జీమూతవాహనుని దాయభాగము ప్రమాణము. రెండును ఒకే స్మృతుల నుండి బయలుదేరి, కుమారునకు హక్కు పుట్టుకతో వచ్చునా, తండ్రి మరణముతో వచ్చునా అన్న దగ్గర విడిపోయినవి. 1810లో కోల్‌బ్రూక్ ఈ రెండింటి దాయవిభాగ ప్రకరణములను ఆంగ్లమునకు అనువదింపగా, సంస్కృతము రాని న్యాయాధిపతులు ఆ పుస్తకమునే పట్టుకొని తీర్పులు చెప్పిరి. కాలమునుబట్టి మారుచుండిన వ్యాఖ్య అచ్చుపడి గడ్డకట్టినది.

ఈ గడ్డను కరగించినవారిలో ముఖ్యుడు పాండురంగ వామన కాణే. బొంబాయిలో న్యాయవాదిగా నుండి, తరువాత ఆ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడై, ధర్మశాస్త్ర చరిత్రను అయిదు సంపుటములుగా వ్రాసెను. మొదటిది 1930లో, కడపటిది 1962లో వెలువడినవి. 6,000 పుటలకు మించిన గ్రంథము. 1963లో ఆయనకు భారతరత్న బిరుదు లభించినది. పూర్వులు ఒకప్పుడు ఆచరించినవానినే తరువాతి ధర్మశాస్త్రకారులు కలియుగమున కూడదని నిషేధించిన సంగతిని ఆయన ప్రమాణములతో ఎత్తిచూపెను. మార్పు కూడదనువారి వాదము ఆ శాస్త్రములోనే నిలువదని తేలినది.

ఆచారమునకును శాస్త్రమునకును నడుమ దూరము తెలుగు రైతుకుటుంబములకు తెలియనిది కాదు. కొడుకులు లేనివాడు అల్లుని ఇల్లరికము తెచ్చుకొని, కొడుకుతో సమముగా ఆస్తి యిచ్చు అలవాటు రెడ్డి, కమ్మ కుటుంబములలో నుండెను. స్మృతులలో లేని ఈ యాచారమును మద్రాసు హైకోర్టు 1881 నాటి తీర్పులో ఆమోదించినది. ఆడపిల్లకు పసుపుకుంకుమల క్రింద భూమి యిచ్చుటయు ఉండెను. అల్లునికి కొడుకు వాటా ఇచ్చుటకు ఒప్పిన పెద్దలు, కూతురికి ఇచ్చుటకు శాస్త్రము అడ్డమనుట విచిత్రము గదా!

1956 వారసత్వ చట్టము కూతురికి వాటా ఇచ్చినది, కాని ఎంత? తల్లి లేని యింట తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. ఉమ్మడి భూమి 9 ఎకరములు అనుకొనుడు. తండ్రి పోయిననాడు ముందు తండ్రికొడుకుల మధ్య పంచినట్లు భావించి తలకు 3 ఎకరములు తీయుదురు. తండ్రి వంతు 3 ఎకరములు మాత్రమే బిడ్డలు ముగ్గురికి. ఫలితము: కొడుకులకు నాలుగేసి ఎకరములు, కూతురికి ఒక్కటి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలై కూతురిని కూడ పుట్టుకతో ఉమ్మడి హక్కుదారును చేసినది. అప్పుడు లెక్క మూడు, మూడు, మూడు అయినది. కాని ఆ తేదీకి ముందు పెండ్లియైనవారికి అది వర్తింపలేదు. 2005లో కేంద్రచట్టము ఆ భేదమును తీసివేసి దేశమంతటికిని సమహక్కు నిచ్చినది. ఆనాటికి తండ్రి బ్రతికియుండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టపరచినది; అయితే 2004 డిసెంబరు 20కి ముందే సక్రమముగా జరిగిపోయిన పంపకములను తిరుగదోడరు.

2005 సవరణ వెనుకను పరిశోధన కలదు. ఢిల్లీలోని ఆర్థికశాస్త్రజ్ఞురాలు బీనా అగర్వాల్ దక్షిణాసియా స్త్రీలకును భూమికిని గల సంబంధమును శోధించి 1994లో ఒక బృహద్గ్రంథము వెలువరించినది. 1956 చట్టములో ఒక మూల, వ్యవసాయభూముల కౌలుచట్టములకు ఇది అడ్డురాదన్న వాక్యముండెను. దాని నీడన కొన్ని ఉత్తర రాష్ట్రములలో కూతుళ్లకు పొలము దక్కకుండెను. ఆ వాక్యమును తొలగింపవలెనని ఆమె పట్టుబట్టి కృషిచేసినది. 2005లో అది తొలగినది. చట్టములోని ఒక్క చిన్న క్లాజు కొన్ని రాష్ట్రముల ఆడపిల్లల పొలమును ఆపగలుగుట వ్యాకరణ పండితులకు కూడ తోచని విశేషము.

అయినను రిజిస్ట్రారు కచేరీ మెట్ల దగ్గర నేటికిని జరుగునది వేరు. చీర పెట్టి, కంటనీరు పెట్టి, 'అన్నదమ్ములతో తగవెందుకమ్మా' యని నచ్చజెప్పి, ఆడపడుచుచేత హక్కు విడుదల దస్తావేజుపై సంతకము చేయించుట పల్లెలలో కొత్త కాదు. ఇష్టపడి విడుచుట వేరు. ఏమి విడుచుచున్నదో తెలియక విడుచుట వేరు. ఆ దస్తావేజులోని భాష ఆమెకు చదివి చెప్పువారెవ్వరు?

ఇక్కడ భాష ప్రశ్న వచ్చినది. మృదంగము గూర్చి, గోగుపూవు గూర్చి, జొన్న గూర్చి, వాటా గూర్చి చెప్పిన ఆ పరిశోధనలన్నియు ఆంగ్లమున వ్రాయబడినవి. విద్వాంసులు పరస్పరము మాటలాడుకొనుటకు అది అవసరమే. కాని వస్తువునిచ్చిన పల్లెకు సమాధానము తిరిగి రావలెనన్నచో తెలుగు దారియే కావలెను. ఈ మాట మొదట గ్రహించినవారు విశ్వవిద్యాలయముల వెలుపలివారగుట గమనింపుడు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు మొదలగువారు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి చరిత్ర, ప్రకృతిశాస్త్రములను తెలుగున అచ్చువేసిరి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టగా అయ్యంకి వెంకటరమణయ్య ఊరూర తిరిగెను. 1935లో పాతూరి నాగభూషణము కృష్ణాకాలువపై పడవలో గ్రంథాలయమును నడపెను. రైతు రేవులోనికి దిగినచో పుస్తకము అచ్చటికే వచ్చెడిది.

విశ్వవిద్యాలయము దేశభాషలో బోధింపజాలదనుటయు సరికాదు. 1918లో వెలసిన ఉస్మానియాలో రసాయనము, న్యాయము, వైద్యము సైతము ఉర్దూలో నేర్పిరి. దానికొరకు ముందే అనువాదశాఖను నెలకొల్పి గ్రంథములు వ్రాయించిరి. చేయవచ్చునని అచ్చట ఋజువైనది. అయితే ఆ సంస్థానమున అధికసంఖ్యాకుల భాషయైన తెలుగునకు ఆ భాగ్యము కలుగలేదు. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి పాఠ్యగ్రంథములను, పారిభాషిక పదకోశములను వెలువరించినది. అవి కళాశాలలకు చేరినవి; పల్లె గ్రంథాలయముల బీరువాలకు చేరినవి తక్కువ.

కొంత మేలు ఇటీవల జరిగినది. విశ్వవిద్యాలయములు డాక్టరేటు పొందిన సిద్ధాంతగ్రంథముల ప్రతులను కంప్యూటరుద్వారా అందరికి అందునట్లు సమర్పింపవలెనని 2009 నాటి నిబంధన. అవి చేరు భాండాగారమునకు శోధగంగ యని పేరు. పూర్వము ఆ గ్రంథములు విశ్వవిద్యాలయపు నేలమాళిగలో రెండు ప్రతులుగా దుమ్ము పట్టి పడియుండెడివి. నేడు ఈ గ్రంథాలయపు బల్లపై ఒక కంప్యూటరున్నచో, రుసుము లేకయే, వాల్తేరులోనో తిరుపతిలోనో ఒక విద్యార్థి వేరుసెనగ గూర్చి, నీటిలోని ఫ్లోరైడు గూర్చి, యక్షగానము గూర్చి, కౌలుచట్టము గూర్చి వ్రాసినది తెరచి చూడవచ్చును. తెలుగుశాఖలవి తెలుగుననే యుండును. తక్కినవి చాలవరకు ఆంగ్లమున నుండును గనుక, ఊరిలో చదువుకొన్న యువకుడో యువతియో వారమున కొకసాయంకాలము కూర్చుండి, అందులో ఈ నేలకు సంబంధించిన పుటలను తెలుగున చదివి చెప్పవలసియుండును. అట్టి కూటమికి కావలసినవి ఒక దీపము, పది కుర్చీలు, అడుగుటకు వెనుదీయని నలుగురు శ్రోతలు. పంపకాల చట్టమును చదువునాడు ఆ శ్రోతలలో ఆడపడుచులును ఉండునట్లు చూచుట కార్యవర్గమువారి పని.